హాల్లో ఆ మూలకి ఏ దీపం?

విశాఖపట్నం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఉండే పేట రాయవద్దన్నారు. వయసు 38, ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో భర్త, అత్తగారు, నాలుగేళ్ల బాబు. సముద్రానికి కిలోమీటరు దూరంలో ఫ్లాటు కొనుక్కుని మొన్న మాఘమాసంలో గృహప్రవేశం చేశారు. హాలు 18 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. ఫాల్స్ సీలింగ్ పోగా ఎత్తు 9 అడుగులు మిగిలింది. బాల్కనీ అద్దాల తలుపు పక్కన, మూడు సీట్ల సోఫా చివర ఒక మూల ఖాళీగా ఉంది.

ఇంటీరియర్ చేసినావిడ ఆ మూల చూసి, "ఇక్కడ ఒక స్టేట్‌మెంట్ ఫ్లోర్ ల్యాంప్ పడాలి, అప్పుడే హాలుకి నిండుదనం" అన్నారట. విల్లులా వంగి సోఫా మీదుగా వచ్చే బంగారు రంగు దీపం ఫొటో చూపించి 42 వేలు చెప్పారు. భర్తకి ఎంతో నచ్చింది. దాదాపు అలాంటిదే వాళ్ల అన్నగారింట్లో ఉంది. అడ్వాన్సు 5 వేలు ఇచ్చేశారు కూడా.

సోదరి మనసులో ఉన్నది వేరు. 2012లో ఆమె పెళ్లికి నాన్నగారు శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేయించి ఇచ్చిన నాలుగడుగుల ఇత్తడి దీపపు సెమ్మె ఉంది. నాన్నగారు ఇప్పుడు లేరు. ఆ సెమ్మెకి లోపల నుంచి వైరు ఎక్కించి, పైన షేడ్ పెట్టి, కరెంటు దీపం చేయించి ఆ మూలన నిలబెట్టాలని కోరిక. అత్తగారు ససేమిరా అన్నారు. "వత్తి వేసి వెలిగించిన సెమ్మెకి తూట్లు పొడుస్తారా?" అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పైగా, "రోజూ సాయంత్రం భాగవతం చదువుకుందామంటే అక్షరం ఆనట్లేదు. దాని సంగతి ఎవరికీ పట్టదు, ఖాళీ మూలకి మాత్రం 42 వేలా?" అని ఆవిడ బాధ. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు.

"ఒక్క దీపం గురించి ముగ్గురం ముభావంగా తిరుగుతున్నాం. ఆయనేమో నాకు టేస్ట్ లేదంటారు, అత్తయ్యేమో నాకు భయం లేదంటారు. నాన్న ఉంటే ఏమనేవారో అని ఏడుపొస్తోంది. ఏది కొనాలో మీరే తేల్చి చెప్పండి" అని ముగించారు. హాలు స్కెచ్ కూడా గీసి పంపారు.

అమ్మా,

తేల్చి చెప్పమన్నారు గానీ, మీ ఇంట్లో ముగ్గురు మాట్లాడుతున్నది ఒకే దీపం గురించి కాదని నాకు అనిపించింది. మీవారికి కావలసింది వచ్చిన నలుగురూ చూసేది. అత్తయ్యగారికి కావలసింది ఒళ్లోని పుస్తకం మీద పడే వెలుతురు. మీకు కావలసింది నాన్నగారు హాల్లో మీ కళ్లెదుట ఉండటం. మూడూ న్యాయమైన కోరికలే. మూడింటినీ ఒక మూలలో, ఒక్క వస్తువుతో తీర్చాలని చూడటం వల్లే ఇంత టెన్షన్.

ఉత్తరంలో మీరు మాటల మధ్యలో రాసి వదిలేసిన వాక్యాలు రెండున్నాయి. ఒకటి, మీవారు చిన్నప్పుడు ఒక్క గది పోర్షన్‌లో నలభై క్యాండిల్ బల్బు కింద అన్నతో కలిసి చదువుకున్నారని. రెండోది, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, అత్తయ్యగారు ఆ సెమ్మెలోనే నూనె పోసి వెలిగించి, దాని పక్కనే మీ అందరికీ అన్నాలు పెట్టారని. ఆ రెండూ చదివాక మీవారి మీద గానీ అత్తయ్యగారి మీద గానీ నాకు కోపం రాలేదు. నలభై క్యాండిల్ బల్బు కింద పెరిగిన మనిషికి ఇంట్లో ధారాళంగా వెలుగు ఉండటం గొప్ప కోసం కాదమ్మా. ఇక అత్తయ్యగారు చాదస్తంతో అడ్డం పడుతున్నారని మీరు అనుకుంటున్నారు. ఊరంతా చీకట్లో ఉన్న రాత్రుల్లో, కరెంటు అవసరం లేకుండా మీకు వెలుగిచ్చిన వస్తువు అది. దానికి వైరు తగిలిస్తామంటే ఆవిడ మనసు ఎందుకు చివుక్కుమందో ఒకసారి ఆలోచించండి. ఆ సెమ్మె ఇచ్చింది మీ నాన్నగారే, నిజం. ఆ రాత్రుల్లో వత్తి ఎగదోస్తూ కూర్చున్నది మాత్రం ఆవిడ.

ముందు ఆవిడ కళ్ల సంగతి చూడండి, ఎందుకంటే దానికి పెద్ద ఖర్చూ లేదు, చర్చా అక్కర్లేదు. వయసు మళ్లే కొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. అందుకే మనకి సరిపోయే వెలుతురు వాళ్లకి చాలదు. అలాగని బల్బు నేరుగా కంట్లో పడితే మనకంటే వాళ్లకే ఎక్కువ ఇబ్బంది. ఆపరేషన్ అయిన కన్ను తెలుపుని తెల్లగా చూస్తుంది, ఆపరేషన్ కాని కన్ను పసుపుగా చూస్తుంది. ఒకే పేజీ రెండు రంగుల్లో కనిపిస్తుంటే ఆవిడకి చిరాకు రావడంలో వింత లేదు. మీరు ఫాల్స్ సీలింగ్‌లో పెట్టించిన కోవ్ లైట్లు హాలుని అందంగా చూపిస్తాయి, అంతే. వాటి వెలుతురు పైకి వెళ్లి, సీలింగ్‌కి తగిలి, పలచబడి కిందికి వస్తుంది. చిన్న అక్షరాలకి అది చాలదు.

ఆవిడ కూర్చునే కుర్చీకి పక్కగా, కొంచెం వెనకగా, భుజం మీదుగా వెలుతురు పడేలా సన్నటి రీడింగ్ ల్యాంప్ ఒకటి చాలు. తల వంచుకునేది అయితే మంచిది. షేడ్ అడుగు అంచు, ఆవిడ కూర్చున్నప్పుడు కంటి మట్టానికి రావాలి. మామూలు సోఫా ఎత్తుకి అది నేల నుంచి 40-45 అంగుళాలు ఉంటుంది. అంతకంటే ఎత్తయితే బల్బు కంట్లో కొడుతుంది, బాగా తక్కువైతే పేజీలో సగమే వెలుగుతుంది. 9 వాట్ల ఎల్ఈడీ వేయండి. రంగు 4000 కెల్విన్ అని రాసి ఉన్నది తెస్తే మరీ పసుపూ కాదు, ట్యూబ్‌లైటు తెలుపూ కాదు. అది ఆవిడకి నచ్చకపోతే ఇంకాస్త పసుపుగా ఉండే 2700 వేసి చూడండి. బల్బు మార్చడమే కదా. కొనేటప్పుడు హోల్డరు మాత్రం చూసుకోండి. మన ఇళ్లల్లో బల్బులు పిన్నులవి, ఫ్లోర్ ల్యాంపులకి తరచుగా మర హోల్డరు వస్తుంది. ఇంట్లో ఉన్న బల్బు పట్టదు.

ఇక విల్లు దీపం. మీవారి ఎంపికని నేను తీసిపారేయను. ఆ ఆకారానికి మంచి పుట్టుక ఉంది. 1962లో ఇటలీలో కాస్టిలియోని అన్నదమ్ములు అకిలె, పియెర్ జియాకొమో ఫ్లోస్ కంపెనీ కోసం ఆర్కో అనే దీపం తయారుచేశారు. భోజనాల బల్ల నడిమధ్యకి వెలుతురు రావాలి, సీలింగ్‌కి కన్నం పెట్టకూడదు. ఆ చిక్కుకి వీధిదీపం స్తంభాన్ని చూసి వాళ్లకి దారి దొరికింది. అడుగున సుమారు 65 కిలోల కరారా పాలరాయి పెట్టారు. రాయికి ఒక కన్నం కూడా ఉంటుంది, కర్ర దూర్చి ఇద్దరు పట్టుకుని జరపడానికి. రెండు మీటర్లు చాచిన చెయ్యి ఒరిగిపోకుండా నిలబడాలంటే అడుగున అంత బరువు కావాలి.

మీరు కొనబోయే దానికి అడుగు బరువెంత? ఉత్తరంలో ఎత్తు 7 అడుగులు, చాపు 5 అడుగులు, రంగు అన్నీ రాశారు, అది రాయలేదు. ఇంటీరియర్ చేసినావిడ చెప్పి ఉండరు, మీరు అడిగి ఉండరు. నాలుగేళ్ల బాబు ఉన్న ఇంట్లో నేను మొదట అడిగే ప్రశ్న అదే. ఫొటో చూసి కొనొద్దు. అలాంటి దీపం ఎక్కడ నిలబెట్టి ఉందో అక్కడికి వెళ్లి, షేడ్ ఉన్న కొసని మెల్లగా కిందికి లాగి వదలండి. అడుగు నేల మీద నుంచి కాస్తయినా లేస్తే ఆ దీపం మీ ఇంటికి పనికిరాదు.

రెండో విషయం ఫ్యాను. విదేశాల ఫొటోల్లో హాలు మధ్య సీలింగ్ ఫ్యాను ఉండదు, మనకి అది లేకపోతే గడవదు. మీ స్కెచ్ ప్రకారం ఫ్యాను టీపాయ్‌కి సరిగ్గా పైన ఉంది. రెక్కలు నేలకి 8 అడుగుల ఎత్తున తిరుగుతాయి. విల్లు కొస వచ్చి వాటి కిందికే చేరుతుంది. తగలకపోవచ్చు, అడుగు తేడా ఉంది. కానీ షేడ్ పైభాగం తెరిచి ఉంటే వెలుతురు తిరిగే రెక్కల మధ్య నుంచి సీలింగ్ మీదికి వెళుతుంది. అప్పుడు సీలింగ్ అంతా నీడలు టపటపా కొట్టుకుంటాయి. మా ఇంట్లో ఒకసారి పైకి వెలుగు చిమ్మే దీపం తెచ్చి ఫ్యానుకి నాలుగడుగుల దూరంలో పెట్టాం. మొదటి రాత్రి కరెంటు లో వోల్టేజీ అనుకున్నాం. పదిహేను నిమిషాలు అలా కూర్చునేసరికి మా అమ్మకి తల తిరిగింది. ఫ్యాను ఆపితే నీడలు ఆగేవి, వైశాఖ మాసంలో ఫ్యాను ఎవరాపుతారు? చివరికి ఆ దీపం ఫ్యాను లేని వరండాలోకి వెళ్లింది. మీరు విల్లు దీపమే తీసుకుంటే షేడ్ పైన మూసి ఉన్నది చూడండి, లేదా చాపు మూడున్నర అడుగులు దాటనిది అడగండి.

మూడోది మీ ఊరి గాలి. ఇనుప గొట్టం మీద బంగారు పూత వేసినవి సముద్రపు గాలికి ఎక్కువ కాలం ఆగవు. అతుకుల దగ్గర, మరల దగ్గర ముందు చిన్న చిన్న గోధుమ చుక్కలు వస్తాయి, తరవాత పూత పొరలుగా లేస్తుంది. రోజూ తడిబట్ట పెట్టే నేల మీద ఇనుప అడుగు ఉంటే దాని చుట్టూ తుప్పు వలయం పడుతుంది, ఆ మరక టైల్స్ మీద నుంచి ఓ పట్టాన పోదు. అయస్కాంతం పట్టుకెళ్లి చూడండి. గట్టిగా అతుక్కుంటే లోపల ఇనుము ఉందనే అనుకోవాలి. మంచి స్టెయిన్‌లెస్ స్టీలో, నిజమైన ఇత్తడో అయితే 42 వేలకి అర్థముంది.

ఇవన్నీ సరిపోయి మీవారు దాన్నే ఇష్టపడితే, కొనుక్కోనివ్వండి. ఇల్లు ఆయనదీ. కాకపోతే దాని వెలుతురు టీపాయ్ మీద పడుతుందే గానీ అత్తయ్యగారి పుస్తకం మీద పడదు. "దీపం కొన్నాం కదా" అని ఆవిడ రీడింగ్ ల్యాంప్ ఎగ్గొట్టకండి. అలాగే బాల్కనీ అద్దం పక్కనే కాబట్టి రాత్రి ఆ అద్దంలో దీపం రెండోది కనిపిస్తుంది. కొందరికి అది పండగలా ఉంటుంది. టీవీ ఎదురుగా ఉంటే మాత్రం తెర మీద ఆ వెలుగు గుండ్రంగా కూర్చుని విసిగిస్తుంది.

ఇప్పుడు మీ సెమ్మె. ఇక్కడ కాస్త కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. దాన్ని కరెంటు దీపం చేయడం కష్టమేం కాదు. పాత ఇత్తడి సామానుకి అలా చేసేవాళ్లు ఉన్నారు. కానీ లోపల నుంచి వైరు రావాలంటే నడిమి కడ్డీని నిలువునా తొలవాలి. చాలా సెమ్మెలు భాగాలుగా పోతపోసి మరలతో బిగించినవి. కొన్నిటికి ఆ కడ్డీ గట్టిగా ఉంటుంది, కొన్ని బోలు. గట్టిదాన్ని తొలిచాక మళ్లీ పూడ్చలేరు. నూనె పోసే తట్టకి కన్నం పడితే ఆ సెమ్మె ఇంకెప్పుడూ వత్తి దీపం మొయ్యదు. నాన్నగారు పంపింది దీపం వెలిగించుకోమని కదా. మీరు ఏడుస్తూ రాసిన ఆ ప్రశ్నకి ఆయన తరఫున జవాబు చెప్పే అర్హత నాకు లేదు. ఆయన ఇచ్చిన పనిని అది ఇంకా చేయగలుగుతోంది, అది పోకుండా చూసుకోమని మాత్రం అడుగుతాను.

అయినా చేయించాలనే ఉంటే, తొలవకుండా చేయించండి. తట్ట మీద ఆనేలా ఒక బిగింపు, దాని మీద హోల్డరు, వైరు వెనక నుంచి కడ్డీ వెంట కిందికి దిగుతుంది. వైరు కనిపిస్తుంది, ఆ మాత్రం ఓర్చుకోవాలి. పండగకి షేడ్, బిగింపు తీసేసి ఎప్పటిలా వత్తి వేసుకోవచ్చు. ఒళ్లంతా ఇత్తడి కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ వైరు సెమ్మెకి బిగించి ఉండాల్సిందే. ఈ మాట ఎలక్ట్రీషియన్‌కి రెండుసార్లు చెప్పండి. దుకాణంలో కొనే లోహపు దీపాలకీ ఇదే లెక్క. రెండు పిన్నులతో వస్తే, చదరంలో చదరం గుర్తు (ఎర్త్ అక్కర్లేకుండా రెండు పొరల ఇన్సులేషన్ ఉందని దాని అర్థం) ఉందేమో చూడండి. అది లేకపోతే వద్దు. ఇంతా చేసి అత్తయ్యగారిని ఒప్పించకుండా చేస్తే, రోజూ ఆవిడ కళ్లెదుటే అది ఉంటుంది. ఆ బరువు కూడా లెక్కలో వేసుకోండి.

నన్నడిగితే నా మొగ్గు వేరే వైపు. ఆ సెమ్మెని సెమ్మెగానే ఆ మూలన నిలబెట్టండి. ఫాల్స్ సీలింగ్‌లో దానికి కాస్త ముందుగా, పసుపు వెలుతురుది చిన్న స్పాట్‌లైటు ఒకటి వేయించి దాని మీదికి తిప్పండి. బుడితి పనిలో ఆ వలయాలు, గాడులు ఉంటాయి చూడండి, పై నుంచి ఏటవాలుగా వెలుతురు పడితే ఒక్కో గాడి ఒక్కో గీతలా మెరుస్తుంది. వెనక గోడ మీద సెమ్మె నీడ పడుతుంది. నలుగురూ చూసి అడిగేది కావాలంటే అంతకంటే ఏం కావాలి? ఎవరడిగినా మీరు చెప్పుకోవడానికి ఒక ఊరు, ఒక మనిషి ఉంటారు. కష్టాలు కూడా చెప్పాలి. సముద్రపు గాలికి ఇత్తడి త్వరగా నల్లబడుతుంది, నెలకోసారైనా చింతపండుతో తోమాలి. ఆ పని వద్దని, నల్లబడకుండా పారదర్శకమైన లాకర్ పూత వేయిస్తే ఇక చింతపండు తగలకూడదు, పూత మచ్చలు మచ్చలుగా లేస్తుంది. కార్తీకంలో వత్తి వెలిగించేటప్పుడు బాల్కనీ కర్టెన్ దగ్గర ఉంచకండి, బాబు అందకుండా దేవుడి గది ముందుకి జరపండి. ఇలా చేస్తే మీవారి కోరిక అలాగే మిగిలిపోతుందేమో కూడా ఆలోచించాలి. సెమ్మె మీదీ, రీడింగ్ ల్యాంప్ అమ్మదీ, మరి నాదేదని ఆయన అడిగితే తప్పు లేదు.

అందుకే ఇంకో దారి చెబుతాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గాక అక్కడివాళ్లు అదే తోలుతో ల్యాంప్ షేడ్లు చేస్తున్నారు. మేకతోలుని శుభ్రంచేసి, వెలుతురు దూరేంత పలచగా గీకి, రంగులు వేసి, సన్నటి ఉలులతో వందల రంధ్రాలు కొడతారు. లోపల బల్బు వెలిగించాక ఎరుపు, పచ్చ గోడ మీద పరుచుకుంటాయి, ఆ రంధ్రాలు చుక్కల్లా కనిపిస్తాయి. మీవారిని తీసుకెళ్లి, దీపం వెలిగించిన స్థితిలో ఒకటి చూపించండి. లేపాక్షి ఎంపోరియంలో, హస్తకళల ఎగ్జిబిషన్లలో దొరుకుతాయి. నిలువు షేడ్ నచ్చితే కింద మంచి టేకు స్టాండు చేయించుకోవచ్చు. అన్నగారింట్లో ఉన్నదానికి నకలు అవదు, అది ఆయనకి ముఖ్యమేమో మీకే తెలియాలి. జాగ్రత్తలు రెండున్నాయి. తోలుకి వేడి పడదు, తక్కువ వాట్ల ఎల్ఈడీయే వేయాలి. తేమ పడదు, వానాకాలంలో మీ ఊళ్లో బాల్కనీ తలుపు పక్కనే పెడితే బూజు పడుతుంది, కాబట్టి ఆ మూల కాకుండా టీవీ వైపు గోడకి జరపండి. ఇంకొకటి, రాముడు, హనుమంతుడు ఉన్న షేడ్లు నేల మీద, కాళ్ల దగ్గర పెడితే అత్తయ్యగారు నొచ్చుకుంటారు. నెమళ్లు, లతలు ఉన్నవి ఎంచుకోండి.

అడ్వాన్సు గురించి బెంగ పెట్టుకోకండి. ఆ 5 వేలు స్పాట్‌లైటులోనో కర్టెన్లలోనో సర్దమని అడగండి. సర్దకపోతే పోయింది 5 వేలే, దాని కోసం మిగతా 37 వేలు ఇవ్వనక్కర్లేదు.

మీవారితో "ఆ దీపం వద్దు" అని మొదలుపెట్టకండి. ఆ పోర్షన్‌లో బల్బు ఎక్కడ వేలాడేదో, ఎవరు ఎటు కూర్చుని చదివేవారో అడగండి. వినండి. తరవాత ఇద్దరూ కలిసి ఒక పని చేయండి. బూజుకర్ర కొసకి వెదురు బుట్ట కట్టి, 7 అడుగుల ఎత్తున ఆ మూల నుంచి సోఫా వైపు ఆయన్ని పట్టుకోమనండి. మీరు గుమ్మం దగ్గర నుంచి, సోఫాలో నుంచి, అత్తయ్యగారి కుర్చీలో నుంచి చూడండి. ఫ్యాను తిరుగుతుండగానే చూడండి. తరవాత కర్ర మీరు పట్టుకుని ఆయన్ని కూర్చోబెట్టండి. బుట్ట తీసేసి అక్కడే సెమ్మె నిలబెట్టి, స్టూలు ఎక్కి ఫోన్ టార్చి పై నుంచి దాని మీద వేసి మళ్లీ చూడండి. అత్తయ్యగారిని కూడా పిలవండి.

అదే రోజు ఇంకొకటి చూసుకోండి. ఇంటి మెయిన్ ఆపి, ఆ మూలలోని ప్లగ్ పాయింటు ఇన్వర్టర్ మీద పనిచేస్తోందో లేదో చూడండి. చాలా ఫ్లాట్లలో ఫ్యాన్లకి, సీలింగ్ లైట్లకి మాత్రమే ఆ లైను ఇస్తారు. లేకపోతే ముందు అత్తయ్యగారి కుర్చీ దగ్గరి పాయింటుని ఇన్వర్టర్ లైనులోకి మార్పించండి, ఆ తరవాతే మిగతా దీపాల సంగతి.